రోమక నాణెములపై రాజకుటుంబ ముఖములు: సంగ్రాహకుల కర్తవ్యము

రోమక సామ్రాజ్యపు నాణెములను సేకరించువారిలో పెక్కుమంది కోరిక ఒక్కటే. అగస్టస్ మొదలుకొని క్రీ.శ. 476లో పశ్చిమ సామ్రాజ్యము అంతరించువరకు సింహాసనమెక్కిన ప్రతి చక్రవర్తి ముఖమును, వీలైనచో వారి తల్లుల, భార్యల, సోదరీమణుల, కుమారుల ముఖములను కూడ ఒక వరుసలో అమర్చుకొనవలెనని వారు ఆశించుదురు. పెట్టెలో ఒక గడి ఖాళీగా నున్నచో అది నిండువరకు సంగ్రాహకునికి మనశ్శాంతి యుండదు. ఈ అభిరుచి నింద్యమైనది కాదు. అయితే ఈ పద్ధతిలో నాణెమునకు విలువ కట్టునది దానిపైనున్న ముఖము. ఆ నాణెము ఏ నేలలో, ఏ కుండలో, ఏ నాణెముల సరసన దొరికినదో అడుగువారు అరుదు. ముఖము తెలుపునది పాలకుడు చెప్పదలచిన మాట. దొరికిన చోటు తెలుపునది నాణెము నిజముగా గడపిన బ్రదుకు. మొదటిదానిని దాచుకొని రెండవదానిని పోగొట్టు సేకరణ చరిత్రకు మేలుతోపాటు కీడును చేయుచున్నది. ఆంధ్రదేశమున లభించిన రోమక నాణెముల విషయమున ఆ కీడు పాలు మరింత హెచ్చు.

సంగ్రాహకుల వలన కలిగిన మేలును ముందుగా ఒప్పుకొనవలెను. ఈ సేకరణ నిన్న మొన్నటిది కాదు. అగస్టస్ చక్రవర్తి పండుగ దినములలో పంచిపెట్టిన కానుకలలో పూర్వరాజుల నాణెములు, పరదేశముల నాణెములు నుండెడివని అతని చరిత్రకారుడు స్యుటోనియస్ తెలిపెను. ఇటలీ కవి పెట్రార్క్ 1354లో నాల్గవ చార్లెస్ ప్రభువును దర్శించినపుడు ప్రాచీన చక్రవర్తుల బొమ్మలుగల బంగారు, వెండి నాణెములను సమర్పించి, ఆ మహాపురుషుల మార్గమున నడువవలెనని హితము చెప్పెను. 1517లో ఆండ్రియా ఫుల్వియో నాణెముల ఆధారముతో ప్రసిద్ధుల ముఖచిత్ర గ్రంథమును ప్రకటించెను. 1557లో ఎనియా వికో రాణుల చిత్రములకే ఒక గ్రంథమును కేటాయించెను. వియన్నా నగరమున ఎఖెల్ 1792 - 1798 సంవత్సరముల నడుమ ఎనిమిది సంపుటములలో నాణక శాస్త్రమునకు గట్టి పునాది వేసెను. 1859లో మొదలైన హెన్రీ కోహెన్ ఫ్రెంచి పట్టిక చక్రవర్తులను, వారి కుటుంబీకులను వ్యక్తుల వారీగా అమర్చి, నాణెములకు ధరలను కూడ సూచించెను. ప్రభువుల, వర్తకుల, విద్వాంసుల సొంత పెట్టెలలో నాణెములు నిలువకున్నచో ఈ గ్రంథములలో ఒక్కటియు పుట్టియుండెడిది కాదు. కాని నేటికిని సంగ్రాహకుని పెట్టెలోని గడులు కోహెన్ పట్టికలోని శీర్షికల నీడలే. పేరు, ముఖము, ధర అను మూడింటితో నాణెము పరిచయము ముగియుచున్నది.

ముఖముల వరుసను అట్లే చూచువానికి అది ఒక వంశవృక్షము వలె కనిపించును. నిజమునకు అది వాదముల వరుస. బ్రతికియున్న రోమకుని ముఖము రోము నగరపు టంకసాల నాణెముపై మొదట కనిపించినది క్రీ.పూ. 44లో, అతడు జూలియస్ సీజరు. ఆ సంవత్సరము మార్చి నెలలోనే అతడు హతుడయ్యెను. ముఖమును ముద్రించుట రాజత్వమును చాటుట యగునని రోమకులు ఎరుగుదురు. అందువలననే కుటుంబీకుల ముఖములు నాణెముపైకి వచ్చినప్పుడెల్ల దాని వెనుక వారసత్వ సమస్య ఒకటి పొంచియుండును.

అగస్టస్‌కు మగసంతానము లేదు. కుమార్తె జూలియా, ఆమె కుమారులు గేయస్, లూషియస్ అతని ఆశలు. క్రీ.పూ. 13లో ముద్రింపబడిన వెండి నాణెమొకదాని బొరుసువైపున జూలియా శిరస్సు నడుమను, ఇరుప్రక్కల పిల్లల శిరస్సులు కనిపించును. క్రీ.పూ. 2లో తండ్రియే ఆ కుమార్తెను ద్వీపాంతరమునకు పంపెను. ఆ కాలమున మొదలైన వేరొక రకము నాణెములపై గేయస్, లూషియస్ ఇరువురు డాళ్లు, ఈటెలు పట్టి నిలుచుందురు, తల్లి లేదు. క్రీ.శ. 2లో లూషియస్, 4లో గేయస్ మరణించిరి. ఒక ఇంటి కథ పదునారేండ్లలో ఎట్లు తలక్రిందులైనదో ఈ రెండు రకములను ప్రక్కప్రక్కన పెట్టిననే తెలియును. జూలియా గడిలో ఒకటి, అగస్టస్ గడిలో ఒకటి వేరుచేసి పెట్టినవానికి అది తెలియదు.

కాలిగులా 37 - 38 సంవత్సరములలో తన ముగ్గురు చెల్లెండ్రు అగ్రిప్పినా, డ్రుసిల్లా, జూలియాలను వారి పేర్లతో సహా ఒక పెద్ద కంచు నాణెముపై దేవతామూర్తులుగా నిలిపెను. 38లో డ్రుసిల్లా మరణించెను. 39లో మిగిలిన ఇద్దరిని అన్నయే ప్రవాసమునకు పంపెను. ఆ అగ్రిప్పినాయే తరువాత నీరో చక్రవర్తి తల్లిగా మరల నాణెముపైకి వచ్చెను. 54వ సంవత్సరపు బంగారు నాణెముపై తల్లీకొడుకుల ముఖములు సమాన ప్రమాణమున ఎదురెదురుగా నుండును; ఆ బొమ్మచుట్టు ఉన్న లేఖనము తల్లి బిరుదములు, కుమారుని పేరు బొరుసువైపునకు పోయినది. 55లో ముఖములు ఒకదాని వెనుక ఒకటి చేరినవి. ముందున్నది కుమారుడు, వెనుకనున్నది తల్లి. లేఖనములు కూడ తారుమారైనవి. అటుపిమ్మట తల్లి ముఖము మాయమయ్యెను. 59లో కుమారుని ఆజ్ఞచేత ఆమె చంపబడెను. అగ్రిప్పినా ముఖము ఒకటి సంపాదించి గడి నింపుకొన్న సంగ్రాహకునికి లభించినది ఒక బొమ్మ. ఆ రెండు నాణెములను కలిపి చదివినవానికి లభించినది ఒక అధికారక్షయ చరిత్ర.

సెప్టిమియస్ సెవెరస్ కాలమున జూలియా డోమ్నా తన ఇద్దరు కుమారులు కారకల్లా, గేటాల నడుమ నాణెముపై నిలిచెను. ఆమెకు సైనిక శిబిరములకు, శాసనసభకు, దేశమునకు తల్లి యను బిరుదములు దక్కినవి. 211లో అన్న తమ్ముని చంపించెను. అటుపిమ్మట ఆసియా మైనరులోని కొన్ని నగరముల నాణెములపై గేటా ముఖము చెక్కివేయబడినది. అన్న ముఖము మిగిలి తమ్ముని చోట గోకినమచ్చ కనిపించు నాణెమే ఆ కుటుంబపు యథార్థ చిత్రము. విపణిలో మాత్రము నునుపుగా మెరయు ముఖమునకే మన్ననయెక్కువ.

ఇచట ఆంధ్రదేశపు నాణెములతో ఒక పోలిక చూడదగినది. శాతవాహనులు కూడ తమ నాణెములపై తల్లిని స్మరించిరి. గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అను నామములు తల్లి గోత్రమును ప్రకటించును. రోమకులు తల్లిని ముఖముతో చూపగా శాతవాహనులు మాటతో చూపిరి. రెండింటను ఉద్దేశ్యము రాజు పుట్టుకకు ప్రతిష్ఠ కల్పించుటయే. నాణెమును కుటుంబ ప్రేమకు గుర్తుగా భావించువారు ఈ రాజకీయార్థమును గ్రహింపజాలరు.

ముఖమే సర్వస్వమనుకొను దృష్టికి మరియొక దోషము కలదు. అది కూటసృష్టికి దారి తీయును. అరుదైన ముఖమునకు అధిక ధర పలికినచోట ఆ ముఖమును సృష్టించువారు పుట్టుదురు. పదునారవ శతాబ్దమున పాదువా నగరపు జియోవాని కవీనో రోమక నాణెములను పోలిన పతకములను ఎంత నేర్పుతో చేసెననగా అవి తరువాతి కాలమున అసలు నాణెములుగా చలామణి యయ్యెను. జర్మనీ దేశీయుడు బెకర్ (1772 - 1830) తన చేతితో చెక్కిన అచ్చులతో అరుదైన నాణెములను సృష్టించి ప్రభువులనే మోసగించెను. ముఖమును అనుకరింపవచ్చును, కుండలో నాణెములు ఒకదానికొకటి అంటుకొన్న తుప్పును, చుట్టుప్రక్కల మట్టిపొరలను అనుకరించుట దుష్కరము.

దీనికి తార్కాణముగా ఒక సత్యఘటన కలదు. 1900లో ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగమున దొరికిన నాణెములలో డొమీషియానస్ అను పేరుగల చక్రవర్తి నాణెము ఒకటి కనిపించెను. ఇతడు మొదటి శతాబ్దపు డొమీషియన్ కాడు; క్రీ.శ. 271 ప్రాంతమున గాల్ దేశమున కొలది దినములు పెత్తనము చేసినవాడు. ఈ నాణెము కల్పితమని పెక్కుమంది విద్వాంసులు త్రోసిపుచ్చిరి. నూరేండ్లు ఆ చక్రవర్తి చరిత్రలో లేనివాడుగానే ఉండెను. 2003లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ మండలమున చాల్‌గ్రోవ్ గ్రామమువద్ద సుమారు 5,000 నాణెములుగల కుండ ఒకటి బయల్పడెను. కనుగొన్నవారు దానిని పగులగొట్టి పంచుకొనక అట్లే అప్పగించిరి. బ్రిటిష్ మ్యూజియములో ముద్దగా అంటుకొన్న నాణెములను విడదీయుచుండగా అదే ముఖము, అదే అచ్చుతో వేసిన రెండవ నాణెము వెలువడెను. ఒక చక్రవర్తి చరిత్రలోనికి తిరిగి వచ్చెను. అతనిని రప్పించినది నాణెముపై నున్న ముఖము కాదు. ఆ ముఖము నూరేండ్లనుండి ఉన్నదే. చెదరని కుండ అతనికి సాక్ష్యమిచ్చెను. అదే రెండవ నాణెము ఊరు, పేరు లేక అంగడిలో కనిపించియున్నచో రెండవ కూటనాణెముగా లెక్కింపబడెడిది.

ఈ న్యాయమును దక్షిణాపథమునకు అన్వయించినచో విషయము మరింత స్పష్టమగును. రోమక నాణెములు భారతదేశమునకు రాజముఖముల కొరకు రాలేదు. మిరియములకు, ముత్యములకు, సన్నని వస్త్రములకు వెలగా వచ్చినవి. ఏటేట ఐదుకోట్ల సెస్టర్షియముల ధనము భారతదేశమునకు తరలిపోవుచున్నదని ప్లినీ వాపోయెను. ఆ ప్లినీయే సింహళరాజును గూర్చి ఒక కథ చెప్పెను. క్లాడియస్ కాలమున గాలివాటున ఆ ద్వీపము చేరిన రోమకుని వద్దనున్న వెండి నాణెములను రాజు పరిశీలించెనట. బొమ్మలనుబట్టి అవి వేర్వేరు పాలకులు వేయించినవని తెలియుచున్నను తూకము అన్నింటను సమానముగా నుండుట చూచి రోమకుల నిజాయితీని మెచ్చెనట. కథ ఎంతవరకు నిజమైనను అందలి దృష్టి గమనింపదగినది. తూర్పుదేశములవారు ముఖభేదమును చూచియు తూకమును విలువగా గ్రహించిరి. నేటి సంగ్రాహకుడు తూకమును మరచి ముఖభేదమును విలువగా గ్రహించుచున్నాడు.

దక్షిణ భారతమున విరివిగా దొరకు వెండి నాణెములు రెండు రకములు. ఒకటి పైన చెప్పిన గేయస్, లూషియస్‌ల బొమ్మగల అగస్టస్ నాణెము. రెండవది పీఠముపై కూర్చున్న స్త్రీమూర్తిగల టైబీరియస్ నాణెము. ఆ స్త్రీ టైబీరియస్ తల్లి లివియా యని పలువురు భావింతురు. నాణెముపై పేరు లేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణెములు వేయికి మించి ఒకేచోట దొరకినవి. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పక్షమున వెలువడిన గ్రంథములో రాష్ట్రమున లభించిన రోమక నాణెములను పరిచయము చేసెను. అగస్టస్ ఏ మనుమలకై ఆ బొమ్మను వేయించెనో ఆ మనుమలు గతించిన చాలకాలమునకు కూడ వారి బొమ్మ దక్కనులో చెల్లుచునే యుండెను. రోములో అది వారసుల ప్రకటన. ఇక్కడ అది మంచి వెండి.

ఈ రెండు రకములను అనుకరించి ఈ దేశమువారే వేసిన నాణెములు కూడ కలవు. వాటిపై లాటిన్ అక్షరములు అర్థము లేని గీతలుగా మారినవి. మరికొన్నింటికి రంధ్రము చేసియో, కొక్కెము తగిలించియో హారములలో కూర్చిరి. కాసుల పేరు ధరించు తెలుగుదేశమున దీని భావము విడమరచి చెప్పనక్కరలేదు. మెదకుసీమలోని కొండాపురమున రోమక నాణెములను పోలిన మట్టి పతకములు లభించినవి. బంగారము కొనలేనివారు కూడ ఆ బొమ్మను మెడలో ధరింపగోరిరని ఊహింపవచ్చును. మరికొన్నింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు పడియుండును. తమిళదేశపు పుదుక్కోట ప్రాంతమున 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో అత్యధిక భాగమునకు అట్టి గాటు కలదు. చలామణినుండి తొలగించుటకా, లోహమును పరీక్షించుటకా, పరరాజు ముఖమును నిరాకరించుటకా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు.

పాశ్చాత్య విపణిలో అనుకరణ నాణెము మోటుది. రంధ్రము గలది చెడినది. ఉలిగాటు గలది గాయపడినది. మూడింటికిని ధర తక్కువ. భారతదేశ చరిత్రకారునికి ఈ మూడే అమూల్యములు. రోములో అచ్చుపడిన ముఖమును గూర్చి రోమకులు విస్తారముగా వ్రాసికొనిరి. ఆ ముఖము కృష్ణాతీరమునకు వచ్చిన పిదప ఎవరి చేతిలో పడినది, ఎవరి మెడలో మెరసినది, ఎవరి ఉలికి లోనైనది అనునది గ్రంథములలో లేదు. నాణెముపైనున్న మచ్చలలో, అది దొరకిన చోటులో మాత్రమే ఉన్నది. ధర పెంచుటకై రంధ్రమును పూడ్చి, గాటును నునుపుచేయు వర్తకుడు తెలుగుదేశ చరిత్రపత్రములలో ఒకదానిని చెరపుచున్నాడు.

నాగార్జునకొండ దీనికి చక్కని నిదర్శనము. అచటి త్రవ్వకములలో టైబీరియస్ బంగారు నాణెము, ఆంటొనైనస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టీనా నాణెము లభించినవి. ఫౌస్టీనా 140లో మరణించిన పిమ్మట భర్త ఆమెను దేవతగా ప్రకటించి విశేషముగా నాణెములు వేయించెను. కావున ఆమె నాణెములు ప్రపంచమున కొరతగలవి కావు. వరుస నింపుకొనువానికి అది సులభముగా దొరకు గడి. కాని అదే స్థలమున ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి ఉజ్జయినీ రాజకన్యక మహాదేవి రుద్రధరభట్టారిక 170 దీనారి మాషకములను దానము చేసినట్లు తెలుపుచున్నది. దీనార పదము రోమక డినేరియస్ నుండి వచ్చి అమరకోశమునకెక్కిన మాట. రోమక రాణి బంగారు ముఖము, ఇక్ష్వాకు రాణి దాన శాసనము, రోమక నాణెపు పేరు ఒకే లోయలో కలసినప్పుడు కలుగు అర్థము, ఆ నాణెమును అక్కడినుండి ఎత్తి మఖమలు పెట్టెలో పెట్టినచో కలుగునా?

సంగ్రాహకుల పక్షమున చెప్పదగిన సమాధానము లేకపోలేదు. పొలములో దొరికిన బంగారు కాసు మూసలో కరగిపోకుండ కాపాడినది కొనువారి అభిరుచియే యని వారందురు. ఇందు సత్యము కలదు. లంకెబిందె దొరకినదన్న వార్త పొక్కినచో ప్రభుత్వము అంతయు తీసికొనునను భయము గ్రామములలో కలదు. ఆ భయము చేతనే ఎన్నియో నాణెములు రాత్రికిరాత్రి మూసలోనికి పోవును. కాని 1878 నాటి నిక్షేపముల చట్టమున పది రూపాయల విలువకు మించిన నిక్షేపమును తెలియజేయవలెనను నియమముతోపాటు కనుగొన్నవానికి భాగము, ప్రభుత్వము తీసికొనునపుడు విలువపై ఐదవవంతు అదనపు చెల్లింపు కూడ కలవు. శిక్షను గూర్చి ఎరిగినంతగా ఈ ప్రతిఫలమును గూర్చి ప్రజలు ఎరుగరు. ఇంగ్లండులో 1996 నాటి చట్టము, 1997లో ఆరంభమైన స్వచ్ఛంద నమోదు పద్ధతి కనుగొన్నవానిని దొంగగాగాక భాగస్వామిగా చూచినవి. చాల్‌గ్రోవ్ కుండ చెదరక నిలుచుటలో అట్టి విధానమునకు పాత్ర కలదు. భారతదేశమున 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు దాటిన నాణెమును పురావస్తువుగా పరిగణించి వ్యక్తులు దానిని విదేశములకు ఎగుమతి చేయుటను నిషేధించినది. నిషేధము అవసరమే. నిషేధమొక్కటే చాలదు.

మూసనుండి కాపాడితినను వాదము అంతటితో ముగియునది కాదు. కుండెడు నాణెములను ఒక్కొక్కటిగా అమ్మించునది కూడ గడి నింపుకొను కోరికయే. అరుదైన ముఖము ఒకరికి, సామాన్యమైనవి పదిమందికి పోయిన పిమ్మట ఆ కుండ ఏ సంవత్సరమున పూడ్చబడినదో చెప్పుట ఎవరి తరము? కుండలోని కడపటి నాణెము కాలమును, అరగిన నాణెములు చలామణిని, సామాన్యమైనవి వర్తక ప్రవాహమును తెలుపును. అందలి ప్రతి నాణెమును మిగిలినవాటికి సాక్షి.

కావున సంగ్రాహకుల కర్తవ్యము కఠినమైనది కాదు. ముఖము, పేరు, ధర వ్రాయు చీటిలో మరి నాలుగు పంక్తులు చేర్చిన చాలును: దొరకిన గ్రామము, దొరకిన సంవత్సరము, తోడుగా దొరకిన వస్తువులు, ఇప్పటి తూకము. చట్టబద్ధముగా వచ్చిన త్రోవ చెప్పలేని అమ్మకందారునివద్ద కొనకుండుట అయిదవది. గాటును, రంధ్రమును, తుప్పును చెరపరాదు. కుండగా దొరకినదానిని విడగొట్టి పంచరాదు. తాతలనాటి పెట్టెలు గల కుటుంబములు వృద్ధులు బ్రతికియుండగానే ఏ నాణెము ఏ ఊరినుండి వచ్చినదో అడిగి వ్రాసికొనవలెను. ఆ జ్ఞాపకము పోయినచో తిరిగి రాదు.

ప్రాచ్య కళాశాలలకు ఈ విషయమున ప్రత్యేక బాధ్యత కలదు. శాసనములలోని దీనార, మాషక, సువర్ణ పదములను అర్థము చేసికొనగలవారు అచట ఉన్నారు. గ్రామములనుండి వచ్చు విద్యార్థులును అచటనే ఉన్నారు. పొలములో కాసు దొరకినచో దానిని ఎవరికి చూపవలెనో, చట్టము ఏమి ఇచ్చునో ఆ విద్యార్థులకు తెలిపినచో వార్త మూసకంటె ముందుగా విద్వాంసుని చేరగలదు. పంచలోహ విగ్రహమును పీఠమునుండి పెకలించుట అపచారమని ఎల్లరు ఎరుగుదురు. నాణెమును దాని చోటినుండి, తోడినుండి ఊరు పేరు లేకుండ విడదీయుటయు అట్టిదే. చక్రవర్తుల ముఖములు ప్రపంచపు ప్రదర్శనశాలలలో వేలకొలది కలవు. ఆంధ్రదేశపు నేల చెప్పగల సాక్ష్యము ఈ నేలలో తప్ప వేరెచ్చటను దొరకదు.